యాదగిరిగుట్ట యాత్రలో భువనగిరి: కొండ, కోట, చుట్టుపక్కల పల్లెలు

నాగర్‌కర్నూల్ నుంచి అమ్మానాన్నలతో, పదకొండేళ్ల, ఎనిమిదేళ్ల పిల్లలతో కలిసి మార్గశిర మాసంలో కారులో యాదగిరిగుట్టకు వస్తున్నామని, చేతిలో రెండు రోజులున్నాయని రాశారు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై రెండేళ్ల నాన్నగారు భువనగిరి కోట ఎక్కగలరా, కొలనుపాక దాకా వెళ్లడం అవసరమా, దర్శనం చేసుకుని తిరిగి వచ్చేస్తే సరిపోదా అని అడిగారు. ముందుగా సూటిగా చెబుతాను. నాన్నగారిని కోట ఎక్కించవద్దు. కొలనుపాకకు మాత్రం తప్పక తీసుకెళ్లండి, అది ముఖ్యంగా ఆయన కోసమే. దర్శనం చేసుకుని వచ్చేస్తే మొక్కు తీరుతుంది కానీ, గుట్ట ఏ నేల మీద ఉన్నదో తెలియకుండానే వెనుదిరిగినట్టవుతుంది. నేను భువనగిరి చుట్టుపక్కల బడులలో ముప్పై ఒక్క ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. ఏటా పిల్లలను ఆ కోట ఎక్కించిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి వరంగల్లు రహదారి మీద సుమారు 50 కిలోమీటర్ల దగ్గర భువనగిరి వస్తుంది. బీబీనగర్ దాటిన కొంతసేపటికి ఎదురుగా ఒక పెద్ద బోడిగుండు కనబడుతుంది. దూరం నుంచి బోర్లించిన గుడ్డులా, ఒక పక్కకు తిరిగితే పడుకున్న ఏనుగులా ఉంటుంది. పాదం నుంచి కొన దాకా ఒకటే రాయి, ఎత్తు 500 అడుగులకు పైమాటే. ఊరు మొత్తం ఆ రాతి పాదాన్ని పట్టుకుని పెరిగింది. ఇప్పుడు రహదారి ఊరి పక్కగా పోతున్నందున గుట్టకు వచ్చే బండ్లలో చాలామటుకు ఆ గుండును కిటికీలోంచి చూసి, ఫోటో తీసుకుని, రాయగిరి వైపు సాగిపోతాయి. ఈ అలవాటు మారాలన్నది నా చిరకాలపు కోరిక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా పాలించాడు. ఆయన బిరుదు త్రిభువనమల్ల. ఆ బిరుదు మీదే ఈ కొండకు త్రిభువనగిరి అన్న పేరు వచ్చింది, అదే వాడుకలో భువనగిరి అయింది. ఉర్దూ మాట్లాడేవారి నోట అది భోంగీర్ అయింది. చాళుక్యుల తరువాత కాకతీయులు, ఆ తరువాత బహమనీలు, కుతుబ్‌షాహీలు దీన్ని తమ చేతిలో ఉంచుకోవడానికి కారణం కోట అందం కాదు. ఓరుగల్లు నుంచి గోలకొండ వైపు పోయే దారి దీని కిందనుంచే పోతుంది. పైన పదిమంది కాపలా ఉంటే చాలు, కింద వచ్చే సైన్యం దుమ్ము అల్లంత దూరాన ఉండగానే కనబడుతుంది. పైకి ఎక్కినప్పుడు పిల్లలను తూర్పుకు తిప్పి నిలబెట్టి ఈ మాట చెప్పండి. పుస్తకంలో పది పేజీలు చదివినా తెలియని విషయం వారికి అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక సర్వాయి పాపన్న పేరు మీ నాన్నగారి తరానికి ఒగ్గుకథల ద్వారా, బుర్రకథల ద్వారా బాగా తెలిసి ఉంటుంది. ఔరంగజేబు మరణించి మొఘలు పాలన సడలిన రోజుల్లో, కల్లుగీత కుటుంబంలో పుట్టిన ఆ ఖిలాషాపురం వీరుడు 1708లో ముందు ఓరుగల్లును, రెండు నెలల తరువాత భువనగిరిని కొట్టాడు. ఈ రెండూ నాటి తెలంగాణలో డబ్బున్న పెద్ద ఊళ్లు. భువనగిరి దాటాక దారికి రెండువైపులా తాటిచెట్లు బారులు తీరి ఉంటాయి. పొద్దుటిపూట నడుముకు కత్తులు పెట్టుకునే ముస్తాదు, చెట్టుకు మోకు అనే తాడు వేసి, రెండు పాదాలతో మానును కరిచి పట్టుకుని గీత కార్మికుడు పైకి పోవడం కనిపిస్తే కారు ఆపి పిల్లలకు చూపించండి. మోకు ఒక మూర పైకి విసరడం, పాదం ఒక మూర పైకి జరపడం, మళ్లీ మోకు, మళ్లీ పాదం. దిగేటప్పుడు కల్లు నిండిన లొట్టి నడుము పక్కన ఊగుతున్నా చుక్క ఒలకదు. అలా చెట్టెక్కే కుటుంబాలలోంచి వచ్చిన మనిషి ఈ నున్నటి గుండును చూసి జంకలేదంటే ఆశ్చర్యం లేదని నేను తరగతిలో చెప్పేవాడిని.

కోట ఎక్కడం గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి. మొదటి భాగంలో మెట్లున్నాయి, వంకలు తిరిగే దారి, బండరాళ్ల సందులో కట్టిన ద్వారాలు ఉన్నాయి. ఈ భాగం ఓపిక ఉన్న ఎవరైనా ఆగి ఆగి ఎక్కవచ్చు. ఆ పైన మెట్లు తగ్గి, గుండు మీద పాదం పట్టేంత మేర చెక్కిన గాట్లు, పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు వస్తాయి. మోకాలు నొప్పి ఉన్నవారికి ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. వాలు మీద శరీరం బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. అందుకే నాన్నగారిని వద్దంటున్నాను. అమ్మగారికి ఓపిక ఉంటే మొదటి ద్వారం దాకా వెళ్లి, అక్కడి నీడలో కూర్చుని ఊరిని చూడవచ్చు. మీరు, పిల్లలు నింపాదిగా ఎక్కితే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పైన శిథిలమైన మహలు, వాననీరు నిలిచే రాతి గుంటలు, ఒకటి రెండు ఫిరంగులు ఉంటాయి. గుంటల దగ్గర పిల్లల చెయ్యి వదలవద్దు. అంచు నాచు పట్టి జారుతుంది, లోతు పైకి తెలియదు.

ఎప్పుడు ఎక్కాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు వేసవి చివర, మిట్టమధ్యాహ్నం నలభై మంది పిల్లలను ఎక్కించాను. తలా ఒక చిన్న సీసా నీళ్లు చాలునని అనుకున్నాను. రాయి వేడెక్కి చెప్పుల్లోంచి అరికాళ్లు కాలుతుండగా, ఒక అమ్మాయి నాలుగడుగులు వేసి కళ్లు తిరిగి కూలబడింది. అక్కడ పట్టుమని ఒక చెట్టు నీడ కూడా లేదు. ఇద్దరు పెద్ద పిల్లలు తమ చొక్కాలు విప్పి పందిరిలా పట్టుకుంటే, మిగిలిన నీళ్లన్నీ ఆ పిల్ల ముఖాన, మెడ మీద పోసి, అరగంట తరువాత మెల్లగా దించాం. పిల్ల కోలుకుంది కానీ ఆ తప్పు నాదే. ఆనాటి నుంచి మధ్యాహ్నం మూడు కాకముందు నేను ఎవరినీ ఎక్కించలేదు. గేటు సాయంత్రం ఐదింటికి మూస్తారు కాబట్టి మూడింటికల్లా కింద టికెట్టు దగ్గర ఉండండి. మార్గశిరంలో ఎండ మెత్తగా ఉంటుంది, గాలి మాత్రం పైన గట్టిగా వీస్తుంది. మనిషికి ఒక లీటరు నీళ్లు, పట్టున్న బూట్లు తప్పనిసరి. వాన పడిన రోజైతే ఆ ఆలోచన మానుకోండి. తడి గుండు మీద ఎంత అలవాటున్నవారికైనా పట్టు చిక్కదు.

మీ పదకొండేళ్ల పాపకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ మొదటిసారి రాయెక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరి గుండు మీదనే. తాళ్లు కట్టుకుని రాయెక్కడం నేర్పే శిక్షణ ఇక్కడ జరుగుతుంటుంది. మీరు వెళ్లిన రోజున అలా నేర్చుకునే పిల్లలు పక్క వాలు మీద కనబడితే పాపను కాసేపు చూడనివ్వండి.

కోట దిగాక నేరుగా కారెక్కకుండా, కింద బజారులో ఒక అరగంట నడవండి. నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ పదకొండవ సమావేశం 1944లో జరిగినది ఈ ఊళ్లోనే. అక్కడ మితవాదులు, అతివాదులు వేరుపడ్డారు, ఆ తరువాత రెండు మూడేళ్లకే తెలంగాణ పల్లెలు సాయుధ పోరాటంలోకి వెళ్లాయి. ఆ సభకు అధ్యక్షుడైన రావి నారాయణరెడ్డి ఈ తాలూకాలోని బొల్లేపల్లివారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ నుంచి నిలిచి జవహర్‌లాల్ నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు.

ఇప్పుడు మీ రెండు రోజుల సంగతికి వస్తాను. కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రహదారిలో వచ్చి తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి, ఘట్‌కేసర్ దగ్గర దిగితే నగరం రద్దీ తగలదు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే తొమ్మిది, తొమ్మిదిన్నరకు బీబీనగర్ చేరతారు. అక్కడి నుంచి కుడివైపు భూదాన్ పోచంపల్లికి వెళ్లండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు, దళితులు బతకడానికి ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది, ఊరి పేరులో భూదాన్ అందుకే చేరింది.

పోచంపల్లిలో దుకాణాల ముందు ఆగిపోకుండా ఒక ఇంట్లో మగ్గం చూపించమని అడగండి. నేతవారు కాదనరు. నేను చూసిన ఒక ఇంట్లో వసారాలో తల్లి ఆసు పోస్తున్నది. అర్ధచంద్రాకారంగా మేకులు దిగగొట్టిన చట్రం ఒకటి ముందు ఉంటుంది. ఒక కొన నుంచి ప్రతి మేకు దాకా, మళ్లీ వెనక్కు, చేయి చాచి దారాన్ని చుట్టాలి. ఒక చీరకు ఆ చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ దారపు కట్ట మీద కొడుకు బొగ్గుతో గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిలు ట్యూబును సన్నగా కోసిన ముక్కలతో బిగించి కడుతున్నాడు. చిటికి కట్టడమంటే అదే. రంగులో ముంచి, ఆరబెట్టి, ట్యూబు ముక్కలు విప్పితే కట్టిన చోట తెలుపు మిగిలి ఉంటుంది. మగ్గం మీదికి ఎక్కాక ఆ తెలుపులన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి చిలుకలో, ఏనుగులో అవుతాయి. అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, అచ్చు వేసిన నకిలీ బట్టలో ఆ చెదురు ఉండదు. అమ్మగారికి చీర కొనేటప్పుడు తిరగేసి చూడండి. రెండువైపులా రంగు ఒకేలా ఉంటే అది నిజమైన ఇక్కత్, అంటే ఇలా దారానికే రంగు వేసి నేసిన బట్ట. తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రాన్ని తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం కూడా ఈ ప్రాంతంవారే. ఆయన ఊరు శారాజీపేట ఆలేరు దగ్గర ఉన్నది, అంటే మీ రెండో రోజు దారికి చేరువలోనే.

మధ్యాహ్నానికి భువనగిరి చేరి, భోజనం చేసి, పెద్దలను ఒక గంట పడుకోనిచ్చి, మూడింటికి కోట. చీకటి పడకముందే గుట్టకు వెళ్లి రాత్రి అక్కడ కొండ కింద దిగండి. భువనగిరి నుంచి రాయగిరి మీదుగా సుమారు 15 కిలోమీటర్లు. శని, ఆదివారాలైతే గదులు ముందే తీసుకోవాలి. మీకు వీలుంటే మంగళ, బుధవారాలు పెట్టుకోండి. ముక్కోటి ఏకాదశి రోజును మాత్రం పెద్దలతో వద్దు, ఆ రద్దీలో వారు నిలబడలేరు.

యాదగిరిగుట్ట గురించి మీకు తెలియనిది నేను చెప్పేది తక్కువ. ఋష్యశృంగుని కుమారుడైన యాద మహర్షి తపస్సుకు మెచ్చి నరసింహుడు జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలలో వెలిశాడని, అందుకే ఇది పంచనారసింహ క్షేత్రమని స్థలపురాణం. పాత గుడి చూసినవారు ఇప్పుడు వెళితే తికమకపడతారు. గర్భాలయపు గుహను అలాగే ఉంచి, చుట్టూ అంతా నల్లరాతితో కొత్తగా కట్టి 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. 2025 ఫిబ్రవరిలో విమాన గోపురానికి బంగారు తాపడం పూర్తయింది. నల్లరాయి కాబట్టి ఎండెక్కితే చెప్పులు లేని పాదాలకు సలసల కాలుతుంది. పెద్దల కోసం తెల్లవారుజామున, సుప్రభాతం అయ్యాక వెంటనే వెళ్లే దర్శనమే మంచిది. తలనీలాలు ఇచ్చే కల్యాణకట్ట, స్నానానికి లక్ష్మీ పుష్కరిణి కొండ కిందే ఉన్నాయి. వాటిని ముగించుకుని పైకి బస్సులో వెళ్లండి. బస్సు దిగాక కూడా కొంత నడక ఉంటుంది, నాన్నగారికి చేతికర్ర తెచ్చుకోమనండి. తిరిగి వచ్చేటప్పుడు కొండపైనే ఉన్న పర్వతవర్ధినీ రామలింగేశ్వరుని కూడా దర్శించుకోండి. అంతా నరసింహుని దగ్గర నిలబడి శివుని మరచిపోతుంటారు. ఓపిక మిగిలితే నాలుగు కిలోమీటర్ల దూరంలోని పాతగుట్టకు వెళ్లండి. అక్కడ జనం తక్కువ, స్వామి ఎదుట నిశ్శబ్దంగా కూర్చోవచ్చు.

భువనగిరి దగ్గర మానేపల్లి కొండ మీద 2024లో తెరిచిన స్వర్ణగిరి వేంకటేశ్వరాలయం గురించి, పిల్లల కోసం పురాణ దృశ్యాల ప్రదర్శనశాల సురేంద్రపురి గురించి మీ బంధువులు చెప్పే ఉంటారు. రెండూ చూడదగినవే, కానీ ఒక్కొక్కటి సగం రోజు తినేస్తుంది. రెండు రోజులలో అన్నీ ఇరికిస్తే పెద్దలు కారులో నిద్రపోతారు, పిల్లలు విసిగిపోతారు. ఆ రెండిటినీ మరోసారికి ఉంచండి.

రెండో రోజు పది గంటలకు గుట్ట నుంచి వంగపల్లి, ఆలేరు మీదుగా కొలనుపాకకు. ఆలేరు దాటి ఆరు కిలోమీటర్లు. దారి పొడవునా ఆ నెలలో రోడ్డు మీద ఒక పక్కగా వడ్లు ఆరబోసి ఉంటాయి, రాత్రి కప్పిన టార్పాలిన్లు రాళ్ల బరువుతో అక్కడే మడిచి ఉంటాయి. తొందరపడి గింజల మీదుగా బండి తోలవద్దు. అది ఒక కుటుంబపు ఆరు నెలల కష్టం, కొనుగోలు కేంద్రంలో తేమ చూసే దాకా వారికి నిద్ర ఉండదు.

కొలనుపాకను ఇప్పుడు చూస్తే చిన్న పల్లె. వెయ్యేళ్ల కింద అది కొల్లిపాక, ఏడువేల గ్రామాల సీమకు ముఖ్యపట్టణం. చోళ చక్రవర్తి మొదటి రాజేంద్రుడు తన శాసనాలలో తాను గెలిచిన చోట్లు చెప్పుకుంటూ, సుళ్లి చెట్లు చుట్టుముట్టిన కోటగోడలు గల కొల్లిపాకను కూడా లెక్కలో వేసుకున్నాడు. తంజావూరు నుంచి ఇంత దూరం వచ్చి గెలవదగిన ఊరు అన్నమాట. అక్కడి జైనాలయంలో మూలవిరాట్టు మొదటి తీర్థంకరుడైన ఋషభనాథుడు, భక్తులు మాణిక్యస్వామి అంటారు. పక్కన మహావీరుని విగ్రహం ఒకే పచ్చరాయిలో చెక్కినదని చెబుతారు, నాలుగడుగులకు పైన ఉంటుంది. దీపం వెలుగులో ఆ రాయి లోపలి నుంచి మెరిసినట్టు కనిపిస్తుంది. రాజస్థాన్, గుజరాత్ శిల్పులు ఇటీవలి కాలంలో ఆలయాన్ని పునరుద్ధరించారు. తోలు బెల్టు, పర్సు, కెమెరా బయటే వదిలి వెళ్లండి.

నాన్నగారి కోసం అన్నది ఇందుకే: ఇక్కడ అంతా సమతలం, ఎక్కడం లేదు, తొందరపెట్టే వరుస లేదు. జైనాలయం నుంచి ఊళ్లోనే ఉన్న సోమేశ్వరాలయానికి తీసుకెళ్లండి. ఈ సోమేశ్వర లింగం నుంచే తమ ఆదిగురువుల్లో ఒకరైన రేణుకాచార్యుడు ఉద్భవించాడని వీరశైవుల విశ్వాసం, కర్ణాటక నుంచి కూడా భక్తులు వస్తారు. ప్రాంగణంలో, పొలాల్లో, చెరువుల్లో దొరికిన శిల్పాలను, శాసనాలను చేర్చి ప్రదర్శనశాలగా ఉంచారు. తల లేని తీర్థంకరుడి పక్కన చెవులు విరిగిన నంది, ఆ పక్కన సగం అరిగిన కన్నడ తెలుగు అక్షరాల శాసనం. నాన్నగారికి పురాణాల మీద ఆసక్తి ఉందని రాశారు కదా. ఆయనను అక్కడ ఒక గంట వదిలేసి, మీరు పిల్లలతో ఊళ్లో తిరిగి రండి.

మూడింటికి కొలనుపాక నుంచి బయలుదేరితే చీకటి పడే వేళకు ఔటర్ దాటి శ్రీశైలం రహదారి పడతారు. ఒకవేళ రాత్రి మరొకటి మిగిలితే, భువనగిరి నుంచి వలిగొండ వైపు వెళ్లి వేములకొండ మత్స్యగిరి గుట్టను చూడండి. అది కూడా నరసింహ క్షేత్రమే. అక్కడి గుండంలోని చేపల తల మీద నామాలు ఉంటాయని నమ్మిక, మీ చిన్నవాడు వాటిని వెతుకుతూ ఒక పూట గడిపేస్తాడు. ఆ దారిలో మూసీ కాలువలు, కత్వలనే చిన్న ఆనకట్టల కింద పచ్చటి వరి, నీటి మీద నురుగు కనబడతాయి. నీళ్లలో పిల్లలను దిగనివ్వకండి, అది హైదరాబాదు నుంచి వచ్చే మురుగు. మీరు వచ్చే తేదీ ఖాయం కాగానే ఇక్కడ రాయండి. ఆ వారం కోట దారి ఎలా ఉందో, వాన ఏమైనా పడిందో చూసి చెబుతాను.